సాగర్ దాటి తెచ్చిన లైటు

మా మరిది కోటేసు నోరు మూసుకుని ఉంటే నేను ఆ రోజు హైదరాబాదు బస్సు ఎక్కేదాన్నే కాదు.

మాచర్ల దగ్గర మా ఊళ్ళో, మా ఇంటి హాల్లో నాలుగడుగుల గాజుతొట్టి ఉంది. అందులో ఉప్పునీళ్ళు, రెండు చేపలు, ఒక పగడం. ఉంగరంలో పొదిగే పగడం కాదు, ప్రాణమున్న పగడం. మా ఆయన్ని గుంటూరులో కంటి డాక్టరుకు చూపించడానికి వెళ్ళినప్పుడు అక్కడి తొట్టిలో చూసి మనసు పడ్డాను. గోరంత ముక్క తెప్పించుకుని నాలుగేళ్ళలో అరచేతంత చేశాను. పచ్చగా మెరిసేది. ఆమధ్య దాని లైటు కాలిపోయింది. అప్పుడు మిరప పండించే ఇంటి మనిషి తప్ప ఇంకెవరూ చెయ్యని తప్పు చేశాను. మిరపకాయలు ఆరబోసే కల్లంలో కాపలాకు కట్టే తెల్ల ఫోకస్ లైటు తెచ్చి తొట్టి మీద వేలాడదీశాను. వెలుగు ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకున్నాను; తెల్ల వెలుగు నాచును పెంచుతుందని, పగడానికి కావలసింది నీలం వెలుగని తర్వాత తెలిసింది. నెల తిరక్కుండా పగడం బురద రంగుకు దిగింది, గాజంతా నాచు పట్టింది.

కోటేసు ఈసారి సర్పంచిగా నిలబడతాడట. వచ్చేపోయే పెద్దమనుషులకు హాల్లో సోఫా వెయ్యాలి, తొట్టి తీసెయ్యమన్నాడు. "చచ్చిన రాయికి కరెంటెందుకు వదినా? తాగే నీళ్ళే సరిగ్గా రాని ఊళ్ళో నీకు సముద్రం కావాల్సొచ్చిందా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "చావలేదు. నెల్లోపు రంగు తెప్పిస్తా. తెప్పించలేకపోతే నా చేత్తో నేనే తీసి పారేస్తా" అన్నాను. నలుగురి ముందు సరేనన్నాడు.

పన్నెండో రోజు పొద్దున ఐదూ నలభైకి మాచర్ల బస్టాండులో బస్సెక్కాను. సంచిలో పులిహోర, తొట్టి కొలతలు రాసుకున్న కాగితం. పక్క సీట్లో ఖాసింబీ గారని ఒక పెద్దావిడ, హైదరాబాదులో కూతురింటికి వెళుతోంది. ఆవిడ భర్త మాచర్లలో కాలిపోయిన మోటార్లకు తీగ చుడతాడట. నా పని విని పకపకా నవ్వింది. "ఏందమ్మా, చేపలక్కూడా లైటా? మా బజారులో మనుషులకే లేదు." నేను మొహం ముడుచుకునేసరికి చెయ్యి పట్టుకుంది. "కోపం తెచ్చుకోమాక. కొట్టోడు పెద్దదే చూపిస్తాడు. నీకేం కావాలో నువ్వు చెప్పు, వాణ్ణి చెప్పనీమాక."

ఆరున్నరకు విజయపురి సౌత్. సాగర్ కట్ట పక్కన కృష్ణ నిండుగా ఉంది. డ్రైవరు పది నిమిషాలు ఆపాడు, టీ బాగుంది. మల్లేపల్లిలో ఇడ్లీ తిన్నాను, చట్నీలో కారం మా లెక్కన లేనట్టే. పదింటికి ఎల్బీనగర్‌లో దిగి, ఖాసింబీ గారిని ఆటో ఎక్కించి, మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ చేరాను. వెళ్ళేవాళ్ళకు ఒక మాట: ఇక్కడ చేపల తొట్ల కొట్లు పదకొండయితే గానీ తెరవరు. నేను షట్టరు ముందు మెట్టు మీద కూర్చుని పులిహోర తిన్నాను.

కొట్టతను నా చీర వైపు, సంచి వైపు చూశాడు. "మేడం, ఉప్పునీళ్ళది మీ దిక్కు నడ్వదు. గోల్డ్‌ఫిష్ తీస్కపోండ్రి, మంచిగుంటది." నాలుగేళ్ళ ఫొటోలు ఫోనులో తీసి ఆయన ముక్కు ముందు పెట్టాను. అప్పుడు ఫోనుతో నడిచే ఒక పెద్ద లైటు దింపాడు. అందులో తెల్లారుతుంది, పొద్దుగూకుతుంది, మబ్బులేస్తుంది, మెరుపులు కూడా మెరుస్తాయట. "మెరుపులు మా ఊళ్ళో ఊరికే వస్తాయి. నాకు నీలం కావాలి. పదహారంగుళాల లోతుకు వెలుగు దిగాలి" అన్నాను.

మూలనున్న సాదా లైటు చూపించాను. నీలానికొక స్విచ్చి, తెలుపుకొక స్విచ్చి, అంతే. కొట్లోని తొట్టి మీద రెండు లైట్లూ కట్టించి, వెలుగు కొలిచే మీటరు నీళ్ళలో ముంచమన్నాను. నా లోతులో రెండింటికీ పెద్ద తేడా రాలేదు. ఆయన తల అడ్డంగా ఊపాడు. "దీన్ల వెలుగు తగ్గించెటందుకు లేదు. ఒక్కపారే ఫుల్ పడ్డదనుకో, పగడం తెల్లగై సచ్చిపోతది."

పెద్దది కొనే స్తోమత లేదు, చిన్నది కొంటే ప్రాణం పోతుంది. అప్పుడు మా మిరప నారు గుర్తొచ్చింది. నర్సరీలో నారును నీడ కోసం కప్పే నల్ల నెట్టు కింద పెంచుతాం. చేలో నాటే ముందు కొద్దికొద్దిగా నెట్టు తీస్తూ ఎండకు అలవాటు చేస్తాం. ఒక్కసారే ఎండలో పెడితే వాడి పడిపోతుంది.

"మా ఇంట్లో నారు కప్పే నెట్టుంది. లైటు కింద నాలుగు పొరలు కడతా, వారానికో పొర తీస్తా" అన్నాను.

ఆయన మీటరు తుడిచి పక్కన పెట్టాడు. "నాకిది తట్టలే అక్కా" అన్నాడు. పెట్టె తనే కట్టి బయటిదాకా తెచ్చి ఇచ్చాడు.

రెండుంబావుకు తిరుగు బస్సు. పెట్టె ఒళ్ళోనే పెట్టుకున్నాను. మల్లేపల్లి దాటుతుండగా కోటేసు ఫోను. "వదినా, సోఫా దిగింది. మొయ్యటానికి మనుషులున్నారు గదా, తొట్టి వరండాలోకి జరిపిస్తున్నా."

మా వరండా పడమటి ఎండకు పెనంలా కాలుతుంది. తొట్టి అక్కడికి చేరితే లైటు తెచ్చి ప్రయోజనం లేదు. సీట్లోంచి లేచి నిలబడ్డాను.

"కోటేసూ, చెయ్యి తియ్యి. నెలన్నావు, ఇయ్యాల్టికి పన్నెండో రోజు. ఇంట్లో ఇచ్చిన మాటే నిలుపుకోనోడివి ఊరికేం నిలుపుతావు? తొట్టి అంగుళం కదిలిందా, మనింట్లో ఆడోళ్ళ ఓట్లు నాలుగూ నీయి కాదు. మన బజారు సంగతి ఆ తర్వాత నేను చూసుకుంటా!"

బస్సంతా నా వైపే చూసింది. వెనక సీటు పెద్దాయన నా ఫోనుకు వినపడేలా అరిచాడు. "తమ్ముడూ, నాలుగోట్లంటే చానా ఎక్కువ. మా ఊళ్ళో రెండోట్లకే పోయింది సర్పంచి పదవి!"

"సర్లే వదినా, ముందు ఇంటికి రా" అన్నాడు కోటేసు.

సాగర్ మళ్ళీ దాటేసరికి పొద్దు వాలుతోంది. ఈ దారిన ఇదే పనికి వెళ్ళేవారు కొలతలు రాసుకుని వెళ్ళండి, మీటరు ముంచి చూడండి. నవ్వేవాళ్ళుంటారు, నవ్వనివ్వండి. నేను ఆ రోజు పొద్దున్నుంచీ నవ్వించుకుంటూనే తిరిగాను, కావలసింది తెచ్చుకున్నాను. ఏడింటికి ఇల్లు చేరేసరికి తొట్టి ఉన్నచోటే ఉంది, సోఫా వరండాలో ఉంది. మా ఆయన మోటారు షెడ్డులోంచి నెట్టు తెచ్చి, "ఏమే, ఇది సరిపోద్దా?" అన్నాడు.

నిన్న రెండో పొర తీశాను. గడువుకు ఇంకా మూడు రోజులున్నాయి. పగడం అంచున గోరంత పచ్చ తిరిగింది. పొద్దున కోటేసు పళ్ళు తోముకుంటూ వచ్చి, తొట్టి ముందు వంగి చాలాసేపు చూసి వెళ్ళాడు. కాసేపటికి వరండాలో ఎవరితోనో అంటున్నాడు.

"సోఫా ఇక్కడే బాగుందిలే అన్నా. గాలొస్తది."