పడవకు పెట్టని పిన్ను

పదకొండేళ్లుగా ఒక స్ప్లిట్ పిన్ను నన్ను తినేస్తోంది. వేలెడు కూడా లేదు. బరువు మాత్రం, ఏం చెప్పను, అన్నం ముందు కూర్చున్నా గుండె మీదే ఉంటుంది. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్ల ముందైతే నాకు నోరు పెగలదు.

నేను ఒకప్పుడు చాంపియన్ రీఫ్స్ బంగారు గనిలో తాడు మనిషిని. గనిలోకి మనుషుల్ని దించే కేజ్ తాడు బిగువు చూడడం నా పని. మాలో ఒక కట్టుబాటు ఉండేది. తాడు చూసినవాడే మొదటి కేజ్‌లో దిగాలి. గని మూసేశాక ఆ పనితనం ఎవడికి కావాలి?

నా భార్య తమ్ముడు శీనాకు కావలసి వచ్చింది. మామిడి అంట్లు కట్టడంలో వాడి చేతికి తిరుగు లేదు. ఆ సంపాదనతో, బెంగళూరులో ఎవరో వదిలించుకున్న చిన్న తెరచాప పడవ కొని బేతమంగళ చెరువులో దించాడు. ఆదివారం వస్తే జనమంతా గట్టు మీదే. దాని తెరచాప కొయ్యను నిలబెట్టే ఉక్కు తీగలు చూడమని నాకే అప్పజెప్పాడు. కానీ వాడి నోరు ఊరుకోదు కదా! "మా బావ పని గనితోనే మూతబడిపోయె. మళ్లా నేనే పని ఇప్పించినా," అన్నాడు ఒక ఆదివారం గట్టు మీద, అందరి ముందూ. అందరూ నవ్వారు. నా భార్య కూడా నవ్వింది. అక్కడ కాలింది నాకు.

పడవ ముక్కు నుంచి కొయ్య కొన దాకా ఒక తీగ ఉంటుంది. కొయ్య వెనక్కి పడకుండా పట్టుకునేది అదే. ముందువైపు తెరచాప దాని చుట్టూనే చుట్టుకుంటుంది. తీగ అడుగున ఉన్న డ్రమ్ము తిరిగితే చాప చుట్టుకుంటుంది, విచ్చుకుంటుంది. తీగను బిగించే మర ఆ డ్రమ్ము లోపల ఉంటుంది. మర తిరగకుండా అడ్డం పెట్టేదే పిన్ను. అది లేకపోతే చాప చుట్టి విప్పిన ప్రతిసారీ మర కాస్త కాస్త వదులవుతుంది. బయటికి ఏమీ కనబడదు.

ఆ ఆదివారం తీగ బిగించి, తట్టి, మోత విన్నాను. సరిగ్గా ఉంది. పిన్ను జేబులో వేసుకున్నాను. వాణ్ని చంపాలనుకున్నానా? లేదు. కొయ్య కూలి, తడిసిన కోడిలా వాడు గట్టుకు రావాలి, జనం నవ్వాలి, అంతే అనుకున్నాను. అంతేనా? ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను, ఆ 'అంతే' మీద నాకే నమ్మకం కుదరడం లేదు.

"తాడు చూసినోడే ముందు దిగాలంటావు కదా బావా, రా, ఎక్కు," అన్నాడు.

"తల తిరగతా ఉండాది. నువ్వు పోప్పా," అన్నాను.

మూడుసార్లు చాప చుట్టాడు, విప్పాడు. నేను గట్టు మీద కూర్చుని చూస్తూనే ఉన్నాను. నాలుగోసారి తీగ ఊడింది. కొయ్య వెనక్కి, వాడి మీదికే వాలింది. నిజం చెప్పాలి కదా, ముందు నాకు నవ్వే వచ్చింది. తర్వాత వాడి కేక వినబడింది. కొయ్యకూ పడవ అంచుకూ మధ్య వాడి కుడిచెయ్యి నలిగింది.

ఆసుపత్రిలో, మత్తు పూర్తిగా దిగకముందే అడిగాడు. "ఎట్లా ఊడింది బావా?"

పిన్ను ఇంకా నా జేబులోనే ఉంది. "పిన్ను నీ చేతికిచ్చి పెట్టమంటిని కదరా! పెట్టలేదా?"

వాడు చాలాసేపు ఆలోచించాడు. "మరిచినానేమో బావా," అన్నాడు.

మొదటిది కోపంలో చేశాను అనుకుందాం. ఈ రెండోది? మంచం మీద కట్టుతో పడున్నవాడికి లేని జ్ఞాపకం అంటగట్టాను, ఛీ!

ఇప్పుడు ఆ చేతికి మూడు వేళ్లు ముడుచుకోవు. అంటు కత్తి పట్టుకోలేడు. ఎవరడిగినా "బావ చెప్పే చెప్పినాడు, నేనే మరిచినా," అంటాడు. మొన్న నా భార్య వాణ్ని తిట్టింది. "నీ పరధ్యానానికి నా మొగుడు ఇన్నేళ్లు కుమిలిపోతా ఉండాడు," అంది. వాడు తలొంచుకుని ఆ వేళ్లు రుద్దుకున్నాడు. నేను పక్కనే కూర్చుని కాఫీ తాగాను.

శీనా ఏమీ మరిచిపోలేదు. వాడి చేతికి నేను పిన్ను ఇవ్వనే లేదు. ఈ రెండు ముక్కలు రాయడానికి పదకొండేళ్లు పట్టింది. రాశాక నాకు ఊపిరి కాస్త ఆడుతోంది. వాడి వేళ్లు మాత్రం ముడుచుకోవు.