తీసివేతలు రాని కాక

గోదావరిఖని వయోజనుల బడిలో నేను పంతులుగా చేరిన కొత్తలో, ముందు బల్లమీద ఒక కాక కూర్చునేవాడు. బొగ్గుబాయిలో టబ్బులు నింపే ఫిల్లరు. నాకు ఇరవై రెండేళ్లు, ఆయనకు నలభై దాటాయి. కూడికలు, గుణకారాలు చకచకా చేసేవాడు. తీసివేత ఇస్తే మాత్రం పలక పక్కన పెట్టి, తనకేం సంబంధం లేనట్టు కిటికీలోంచి బయటికి చూసేవాడు. అది మొండితనమనే అనుకున్నాను. ఆరు నెలలకు విసుగొచ్చి అడిగేశాను.

"గుణకారం వచ్చినోడికి తీసివేత ఎందుకు రాదు కాకా?"

"మీరు అది చెప్పిన వారం నాది రెండో షిఫ్టు సారూ," అన్నాడు నిమ్మళంగా. "బడి టైముకు బాయిలనే ఉంటి. మల్ల చెప్పుమనుడు మర్యాద గాదని ఊకున్న."

నాకు సిగ్గేసింది. అప్పట్నించి ప్రతి పాఠాన్నీ వరసగా రెండు వారాలు చెప్పాను, ఏ షిఫ్టువాళ్లకూ తప్పిపోకుండా.

కొన్నేళ్లకు ఆయన మెట్రిక్ పాసై, బాయి పైన ఆఫీసులో గుమాస్తా అయ్యాడు. అంతటితో ఆగలేదు. ఒక ఆదివారం సాయంకాలం కాలేజీ దరఖాస్తు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. గార్డియన్ సంతకం లేనిదే తీసుకోమన్నారట.

"మీరే పెట్టాలె సారూ. నా చదువు సంగతి ఇంకెవలకు తెలుసు?"

నవ్వాపుకుని సంతకం చేశాను. విద్యార్థి మీకేమవుతాడు అన్నచోట మాత్రం కలం ఆగిపోయింది.

"కొడుకని రాయకుండ్రి," అన్నాడాయన కంగారుగా. "మా అవ్వ ఇంక బతికే ఉన్నది. తెలిస్తే ఊకోదు."