ముత్తాత బూట్లతో కొండ ఎక్కిన కథ

మా ఇంట్లో మిగిలిన ఏకైక ఆస్తిని నేను రెండు రోజుల్లో నాశనం చేశాను. ఎలాగో చెబుతాను. నవ్వుకోవడానికి మీకు అనుమతి ఉంది. జాలిపడటానికి మాత్రం లేదు, మా వంశంలో జాలిని పుచ్చుకునే అలవాటు లేదు.

ఆ ఆస్తి ఒక కథ. పుదుచ్చేరిలో బట్టల వర్తకం చేసిన మా ముత్తాత, చెట్టు నీడైనా లేని పడమటి కొండల వరసను ఒంటరిగా, ఎవరి సాయమూ లేకుండా మూడు రోజుల్లో నడిచి దాటాడట. సాక్ష్యం ఒక ఫోటో. కొండ అంచున రెండు బండల మధ్య మీసం, చేతికర్ర, మోకాళ్ల దాకా తోలు బూట్లు. ఒంటరిగా వెళ్లిన మనిషికి ఫోటో ఎవరు తీశారని మీరు అడుగుతారు. మేము మూడు తరాలుగా అడగలేదు.

అంగడి పోయింది, మేడ పోయింది, ఉప్పళంలో రెండు గదుల అద్దె ఇంటికి వచ్చాం. బూట్లు మాత్రం మాతోనే వచ్చాయి. ఏటా ఆయుధపూజకు మా మేనత్త వాటికి నూనె పట్టించి, బొట్టు పెట్టి పీట మీద ఉంచేది. వీధంతా మోటారు సైకిళ్లకు పూజ చేస్తుంటే మేము పాదరక్షలకు చేసేవాళ్లం.

నాన్న పోయిన ఏడాది, ఎదురింటి టైలరు మునుసామి అన్న పూజ బొరుగుల కోసం వచ్చి, ఒక బూటు తిప్పి చూశాడు.

"ఏంది తమ్ముడూ, కొండ దాటిన బూట్లా ఇవి? వీధి చివరిదాకా పోయొచ్చినట్టు కూడా లేవే."

"మంచి తోలు అరగదు," అన్నాను.

ఆయన నవ్వాడు. నేను అక్కడితో ఊరుకోవాల్సింది. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు, తట్టాంచావడిలో ఒక చిన్న కార్ఖానా గేటు దగ్గర గుమాస్తా ఉద్యోగం, వెన్నెముక స్థానంలో ఇనుప కడ్డీ. అవే బూట్లతో, అవే కొండలను, అలాగే ఒంటరిగా దాటి వస్తానని వీధి వినేలా ప్రకటించాను. అత్త వేరే బూట్లు వేసుకుని పొమ్మంది. నేను వినలేదు. ఆమె బూట్లకు ఇంకోసారి నూనె పట్టించి చేతికిచ్చింది.

మొదటి రోజు నడక ఘనంగా సాగింది. చూసేవాళ్లు లేకపోయినా ఫోటోలో ఉన్నట్టే నిటారుగా నడిచాను. గాలి నా టోపీని అడగకుండానే తీసుకెళ్లింది. ఎండ నా నెత్తిని పెనం అనుకుంది. మధ్యాహ్నం ఒక గొర్రెలకాపరి ముసలాయన ఎదురై, నేను అరవంలో పలకరిస్తే తెలుగులో బదులిచ్చాడు.

"ఆ బూట్లతోనే యాడికి సామీ? నా దగ్గర ఇంకో జత టైరు చెప్పులుండాయి, తొడుక్కో. అంబలి తాగి పో."

మేము ఒకరి సాయం తీసుకునేవాళ్లం కాదని చెప్పాను. నా కడుపు పెద్దగా మూలిగి నా మాటను ఖండించింది. ఆయన విననట్టు తల తిప్పుకుని, రేపు మంద పైకి వస్తుందని మాత్రం చెప్పాడు.

రెండో రోజు పొద్దున్నే కుడి బూటు మొసలిలా నోరు తెరిచింది. తాడుతో కట్టాను. కాసేపటికి ఎడమది కూడా తెరిచింది. తువ్వాలు చింపి కట్టాను. మధ్యాహ్నానికి రెండు బూట్ల అడుగులూ ఊడి నా చేతుల్లో ఉన్నాయి, నా పాదాలు కాలుతున్న రాళ్ల మీద ఉన్నాయి. నెత్తురు కారుతుంటే కుంటుకుంటూ రెండు బండల మధ్య కూలబడ్డాను. ఫోటోలోని బండలే. కూలబడటం కూడా నిటారుగానే.

అక్కడికే వచ్చింది ముసలాయన మంద.

"మంచి చోటే చూసుకున్నావు సామీ. మా తాతోళ్లు డోలీ దించిన చోటిది."

"ఏ డోలీ?"

"పుదుచ్చేరి నుంచి ఒక చెట్టియారు వచ్చినాడంట. బారువైన మనిషి. మూడు దినాలు నలుగురు మోసినారు. ఈడ మాత్రం దిగి, ఒళ్లో పెట్టుకున్న బూట్లు తొడుక్కోని, ఫోటో తీయించుకోని, మళ్లీ ఎక్కినాడంట. మా తాత భుజం మీద కాయ చచ్చేదాకా పోలేదు."

చేతిలోని అడుగుల వైపు చూశాను. వాటి మీద ఉన్న గీతలన్నీ నావే. ఆ బూట్లతో కొండ ఎక్కిన మొదటి మనిషిని నేనే. గర్వపడాలో ఏడవాలో తెలియక గొర్రెలను లెక్కపెట్టాను.

"ఆయన మా ముత్తాత," అన్నాను చివరికి.

ముసలాయన నవ్వలేదు. "అట్లనా? అయితే మాకు అలవాటే," అని మంద వెనకాలే వస్తున్న తన అల్లుళ్లిద్దరినీ కేకేశాడు. గొంగళిని కర్రకు కట్టి నన్ను కిందికి దించారు. అంతకుముందు అంబలి తాగాను. మూడు ముంతలు.

టైరు చెప్పులతో ఇల్లు చేరి, అత్తకు ఉన్నదంతా చెప్పాను.

"తెలుసు నాయనా. ఏటా నూనె పట్టించేదాన్ని, అడుగు చూడనా?"

"మరి చెప్పలేదేం?"

"మీ నాయనకి అదొక్కటే మిగిలింది కదా. నీకూ ఉండనీ అనుకుంటి."

మరునాడు ఊడిన బూట్లు పట్టుకుని మునుసామి అన్న దగ్గరకు వెళ్లి, డోలీ సంగతి నేనే చెప్పాను. కొండ ఎక్కడం కంటే ఆ వీధి దాటడమే కష్టమైంది. ఆయన దబ్బనం తీసి అడుగులు కుట్టి ఇచ్చాడు.

కాబట్టి పూజ పీట సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: బూటు తిప్పి చూడకుండా ఏ పూర్వీకుడి వెంటా ఇక నడవను, ఎవరు అంబలి ఇచ్చినా కాదనను. ఏటా ఆ పీట మీద బూట్ల పక్కన టైరు చెప్పులు కూడా ఉంటాయి. మొదటి బొట్టు వాటికే.