ఏడో ఆట చివరి రెండు నిమిషాలు

మా మేనమామ పోయిన మంగళవారం ధర్మాబాద్‌లో, కూతురి ఇంట్లో చనిపోయారు. డెబ్బై మూడేళ్లు. హైదరాబాద్‌లోని మా పత్రికాఫీసుకు ఫోన్ చేసింది ఆ కూతురే. "బాపు పోయిండు బావా. అన్నం తిని ఒరిగిండు, మళ్ల లేవలె" అంది. ఎన్ని గంటలకని అడిగాను. అలవాటు. మధ్యాహ్నం రెండు దాటి పది నిమిషాలట.

ఆయన గురించి మా పత్రికలో వేయాల్సి వస్తే మూడు వాక్యాలు చాలు. నాందేడ్ వజీరాబాద్‌లో నలభై ఏళ్లు కిరాణా దుకాణం నడిపారు. ఏ సంఘానికీ అధ్యక్షుడు కాదు. భార్య, ఒక కూతురు ఉన్నారు. నాలుగో వాక్యం రాయాలంటే అమెరికా దాకా పోవాలి. అక్కడ జీతం తీసుకుని బాస్కెట్‌బాల్ ఆడే మనుషులకు ఆయన ఇరవై ఏళ్లు అభిమాని. వాళ్ల ఆట ఒక్కటి కూడా చూడలేదు. ఎప్పుడైనా ఆ బంతి పట్టుకున్నారనడానికి నాకు ఆధారం దొరకలేదు. ఆయన ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు.

దీనికంతటికీ కారణం పొట్లాల కాగితం. ఆ రోజుల్లో పప్పు, చక్కెర, పసుపు అన్నీ పాత పత్రికల్లోనే కట్టేవారు. ఆయనకు ఆ కాగితం సికింద్రాబాద్ నుంచి కట్టలుగా వచ్చేది. అరవైల మొదట్లో ఒక కట్టలో అమెరికా క్రీడా పత్రికలు వచ్చాయి. ఒక పేజీలో చాలా పొడుగైన మనిషి, చేతిలో బంతి, నేల మీద ఆనని కాళ్లు. ధనియాలు కట్టబోతూ మామ ఆగిపోయారట. బంతి బుట్టలో పడిందా లేదా అన్నది తర్వాతి పేజీలో ఉండాలి. ఆ పేజీ కట్టలో లేదు. మూడు నెలలు ఆగి, తర్వాతి కట్ట వచ్చాక మొత్తం వెతికారు. అందులోనూ లేదు గానీ ఆ మనిషి ఆడిన వేరే ఆటలు దొరికాయి. అప్పటి నుంచి చదవని కాగితంలో సరుకు కట్టడం మానేశారు.

నేను ఆ ఇంట్లో ఉండి కాలేజీ చదివింది ఆ దశాబ్దం చివర. ఆయనది నిజాం కాలపు ఉర్దూ చదువు. అంతదాకా ఇంగ్లీషు తెలిసిన గిరాకీలతో చదివించుకునేవారట, ఇప్పుడు నేను చదివి చెప్పాలి. నాకు ఆటల మీద ఆసక్తి లేదు. వాళ్లింట్లో తింటున్నాను కాబట్టి చదివాను.

ఆ ఆటగాళ్ల పేర్లకు ఆయన నోరు తిరగలేదు. తానే పేర్లు పెట్టుకున్నారు. ఫొటోలోని పొడుగు మనిషి నిచ్చెన. అదే జట్టులో ఒక పొట్టివాడు బంతిని అందరికంటే ఎక్కువసార్లు ముట్టుకుని, ప్రతిసారీ ఎవరికో ఒకరికి అందించేవాడు. అతను దలాల్. "సరుకంత వాని చేతిల నుంచే పోతది. వాని దగ్గర మాత్రం ఏం మిగలది" అనేవారు. ఎదుటివాణ్ని ఒక్క అడుగు కూడా వదలకుండా పొలం కొలిచినట్టు వెంట తిరిగేవాడు పట్వారి. ఈ ముగ్గురూ దుకాణానికి వచ్చేవాళ్లందరికీ తెలుసు. పక్కన బట్టల దుకాణం మరాఠీ సేటు పొద్దున తలుపులు తీస్తూ, "జింక్‌లీ కా తుమ్‌చీ శిడీ?" అనేవాడు. మీ నిచ్చెన గెలిచిందా అని.

"నిన్న గెలిచింది. ఇయ్యాల మోకాలు నొస్తున్నదట" అని మామ జవాబు.

ఆ నిన్న రెండేళ్ల కిందటిది. పత్రికలు అమెరికాలో పాతబడి, ఓడెక్కి, సికింద్రాబాద్‌లో తూకానికి పోయి, నాందేడ్ చేరడానికి అంత కాలం పట్టేది. మామకు అదొక లోటుగా కనిపించలేదు. "మనకు చేరిననాడే అయినట్టు" అనేవారు. తాజా సంగతి తెలిసినవాడు ఎవడూ నోరు విప్పకూడదన్నది దుకాణం నియమం. నాందేడ్‌లో తాజా సంగతి తెలిసినవాడు ఎవడూ లేడు కాబట్టి నియమం బాగానే అమలైంది.

ఆ ఆటలో బంతి చేతికొచ్చాక ఇరవై నాలుగు సెకన్లలో బుట్ట మీదికి వేయాలి. లేకపోతే బంతి అవతలి జట్టుకు పోతుంది. మామకు ఈ నియమం బాగా నచ్చి, వ్యాపారంలో పెట్టారు. చింతపండు పట్టుకుని తీసుకోవాలా వద్దా అని నలిపేవాళ్ల ముందు మెల్లగా లెక్కపెట్టేవారు. ఇరవై నాలుగు కాగానే చింతపండు వెనక్కి తీసుకుని, "మీకేం కావాలమ్మా?" అని పక్కనున్న ఆమెను అడిగేవారు. తిట్టిపోయినవాళ్లున్నారు. వాళ్లూ తిరిగి వచ్చారు, ఈసారి పద్దెనిమిదికే తేల్చుకునేవారు.

దేశం కోసం, పతకం కోసం ఆడేవాళ్ల కంటే జీతానికి ఆడేవాళ్లే ఆయనకు గొప్ప. "పండుగనాడు అందరు మంచిగనే వండుతరు అల్లుడా. జీతగాడు రోజూ వండాలె. ఏడాదికి ఎనభై ఆటలు. మోకాలు నొచ్చినా పోవాలె. మనం గట్ల తెరుస్తమా దుకాణం?"

"మూసిందెన్నడు?" అని లోపలి నుంచి అత్తమ్మ.

అత్తమ్మకు ఆ ఆటగాళ్ల మీద ఒకటే ఫిర్యాదు. "గంత పెద్ద మనుషులకు గింత చెడ్డీలేంది? బట్ట కరువా ఆ దేశంల?" పక్క సేటు తన ఖర్చుతో ఒక థాను గుడ్డ పంపిస్తానన్నాడు.

నేను హైదరాబాద్‌లో విలేకరిగా చేరాక కూడా దసరాకో దీపావళికో నాందేడ్ వెళ్లేవాణ్ని. డెబ్బైల మొదట్లో ఒక దీపావళికి వెళ్లేసరికి దుకాణమంతా నిచ్చెన మాటే. అతను అంతకుముందు మూడుసార్లు చివరి పోటీ దాకా వచ్చి మూడుసార్లూ ఓడాడు. ఇదే తన చివరి ఏడాది అని ప్రకటించాడు. ఏడు ఆటల్లో నాలుగు గెలిచిన జట్టుది కప్పు. చెరి మూడు గెలిచారు. ఏడో ఆట కథనం మధ్యనుండే జంట పేజీలో ఉందని మామ చూసి పెట్టుకున్నారు. నేను వచ్చాక చదివించుకోవాలని ఆగారు.

లక్ష్మీపూజ ముందు దుకాణం దులుపుతారు. చదవని కాగితాలు గల్లాపెట్టె వెనక, చదివినవి తక్కెడ పక్కన ఉండేవి. అత్తమ్మ దులిపి, రెండూ కలిపి తక్కెడ పక్కనే పేర్చింది. నేను రైలు దిగి వచ్చేటప్పటికి ఆ జంట పేజీ ఏదో సరుకుతో వెళ్లిపోయింది.

"నాకేం ఎర్క?" అంది అత్తమ్మ. "కాగితం కాగితమే. కట్టేది ఆపి చదివేటోడు లోకంల మీ మామ ఒక్కడే."

మామ అరవలేదు. కూర్చుని గుర్తు చేసుకున్నారు. జంట పేజీ చిన్న పొట్లానికి వాడరు. ఆ పూట కిలో పొట్లాలు మూడే కట్టారు. మొదటిది పక్క సేటు ఇంటికి. అక్కడ కాగితం పొయ్యిలోకి పోయింది గానీ అది ఉర్దూ పత్రిక అని వంటమనిషి ఖాయంగా చెప్పింది. రెండో ఇంట్లో దొరికింది ఈత పోటీల పేజీ. మూడో పొట్లం, కిలో శనగపప్పు, పత్తి అమ్ముకోవడానికి వచ్చిన ఇస్లాపూర్ రైతు పట్టుకుపోయాడు. నేను చూసిన పరిశోధనల్లో ఇంత తక్కువ ఆధారంతో ఇంత తొందరగా తేలినది మరొకటి లేదు.

రెండో రోజు మామ దుకాణం మూశారు. ముద్ఖేడ్‌లో బండి మారి, కిన్వట్ వైపు పోయే రైలెక్కి ఇద్దరం ఇస్లాపూర్ వెళ్లాం.

పేజీ రైతు ఇంట్లో గోడ మీద ఉంది. పిండి ఉడికించి అతికించారు. బయటికి కనిపిస్తున్నది ఒక ప్రకటన. అమెరికా వంటిల్లు, మనిషంత ఎత్తు తెల్లటి ఫ్రిజ్, దాని ముందు నవ్వుతున్న నలుగురు. ఏడో ఆట గోడ వైపు ఉంది.

"మా కోడలికి పటం నచ్చింది" అన్నాడు రైతు. "దీని కోసం నాందేడ్ నుంచి అచ్చిండ్రా సేటు? ఏంది, కోర్టు కాగితమా?"

"కాదు పటేలా. ఒక మనిషి గెలిచిండా ఓడిండా అన్నది దీని ఎనక ఉంది."

"మీ దగ్గరోడా?"

మామ కొంచెం ఆలోచించారు. "దగ్గరోడే" అన్నారు.

"ఇంక గంత ఆలోచనేంది, తడిపి తీద్దాం" అని రైతు కోడలిని నీళ్లు తెమ్మన్నాడు. ఆమె చెంబుతో తెచ్చింది. కింద పెట్టలేదు, పట్టుకునే నిలబడింది. పటం చుట్టూ ఎర్రమట్టితో అంచు గీసి ఉంది, ఇంకా సరిగా ఆరలేదు. మామ కాగితం మూల వేలితో నొక్కి చూశారు. తర్వాత ఆమె చేతిలో చెంబు తీసుకుని నీళ్లు తాగారు.

"మంచిగుందమ్మా పటం. ఉండనీ."

తిరుగు రైల్లో ఎందుకు వద్దన్నారని అడిగాను. "తడిపితే ఆమె పటం పోతది. తడపకుంట గీకితే నా ఆట పోతది. ఎవరిదో ఒకరిది మిగలనీ" అన్నారు. హైదరాబాద్‌లో పాత ఇంగ్లీషు పత్రికల ఫైళ్లున్నాయి, ఫలితం చూసి ఉత్తరం రాస్తానన్నాను. వద్దన్నారు. "నువ్వు చెప్తే అది వార్త. నేను చదివితే ఆట. వార్త నాకెందుకు?"

చూడకుండా ఉండటం నా వల్ల కాలేదు. ఫైలు తీసి వెతకడానికి పావుగంట పట్టింది. ఆటల పేజీ అడుగున ఒకే వాక్యం. నిచ్చెన జట్టు ఓడిపోయింది. ఒక్క బుట్ట, అంటే రెండు పాయింట్ల తేడా. ఫైలు కట్టేసి పైన పెట్టాను. ఎనిమిదేళ్లు ఎవరికీ చెప్పలేదు. వృత్తిలోకి వచ్చాక తెలిసిన సంగతిని నేను అంతకాలం దాచింది అదొక్కటే.

పేజీ లేదు కాబట్టి మామ ఏడో ఆట తానే ఆడటం మొదలుపెట్టారు. బేరం లేని మధ్యాహ్నాల్లో కాస్త కాస్తగా నడిపేవారు. పక్క సేటు సలహాలిచ్చేవాడు, ఆయాసపడుతున్నాడు కాబట్టి దలాల్‌ను కూర్చోబెట్టమని, ఇంకో పొడుగువాణ్ని దించమని. కొన్ని మామ విన్నారు. రెండేళ్లలో ఆట చివరి రెండు నిమిషాల దాకా వచ్చింది. నిచ్చెన జట్టు ఒక్క పాయింటు ముందుంది. అక్కడ ఆగింది. తర్వాత ఎప్పుడు వెళ్లినా అక్కడే ఉంది. ఒకసారి బూటు లేసు తెగిందన్నారు. ఒకసారి నేల మీద చెమట తుడుస్తున్నారన్నారు. ఆ ఆటలో గడియారం ఆపవచ్చు, నిజమే. ఎన్నిసార్లు ఆపవచ్చో దానికి లెక్క ఉంది. మామ ఆ లెక్క ఎప్పుడో దాటారు.

"ఆ రెండు నిమిషాలు ఆరేండ్ల సంది నడుస్తున్నయ్" అంది అత్తమ్మ ఒక ఏడు. "ఇర్వై నాలుగు లెక్క చింతపండుకేనా?"

గుండె జబ్బు వచ్చాక దుకాణం ఇచ్చేసి ధర్మాబాద్ వచ్చేశారు. పోయిన నెల చూడటానికి వెళ్లాను. మామ మంచం మీద ఉన్నారు. అత్తమ్మ కింద కూర్చుని బియ్యం ఏరుతోంది. అక్కడి దినుసుల ధరలు చెప్పి, మధ్యలో ఆపి, మామ అడిగారు.

"అల్లుడా, ఓడిండు గద?"

ఎవరని అడగలేదు. "ఓడిండు మామా. ఒక్క బుట్ట" అన్నాను. ఎట్లా తెలుసని అడిగాను.

"నువ్వు చూడకుంట ఉంటవా? చూసినవ్. గెలిచి ఉంటే ఆపుకుంటుంటివా? ఇస్లాపూర్ పోయచ్చిన ఎనక మరుసటి దసరాకు అచ్చినవ్. మూడు రోజులు దుకాణంల కూసున్నవ్. నిచ్చెన మాటే తియ్యలె. గప్పుడే అర్థమయింది."

ఎనిమిదేళ్లు దాచాననుకున్నది మొదటి ఏడే బయటపడిపోయింది.

"తెలిసి గన్నేండ్లు గడియారం ఎందుకాపినవ్ మామా?"

"ఓడుతడని ఎర్కనే. ఎట్ల ఓడాల్నో తెల్వలె. వాని ఆఖరి ఆట. తప్పు రావద్దు గద."

తర్వాత, ఎవరూ అడగకుండానే, ఆ రెండు నిమిషాలు నడిపించారు. ఊపిరి తీసుకోవడానికి తప్ప ఆగలేదు. అవతలివాళ్లు ఒక బుట్ట వేసి ముందుకు పోయారు. పట్వారి అడ్డం పడి రెండోది ఆపాడు. దలాల్ బంతి తెచ్చాడు. పది సెకన్లు ఉండగా నిచ్చెనకు అందించాడు. నిచ్చెన ఎగిరి వేశాడు. బంతి ఇనప చట్రం మీద ఒక చుట్టు తిరిగి, బయట పడింది. అవతలివాడు దాన్ని అందుకుని పరిగెత్తుతుంటే ఎవరో చెయ్యి పట్టి ఆపారు, ఆ తప్పుకు అవతలివాళ్లకు మరో పాయింటు వచ్చింది. గంట కొట్టారు.

అత్తమ్మ బియ్యం ఏరడం ఆపింది. "ఏడ్చిండా?" అంది.

"లేదు. మోకాలు నొస్తున్నదని గూడ అనలె. గెలిచినోళ్ల దగ్గరికి పోయి ఒక్కొక్కని చెయ్యి పట్టుకుండు. గంత ఎత్తోడు తల వంచితే కిందోళ్లందరికి మొహం కనవడ్తది. దాచుకునేటందుకు లేదు. గందుకని నవ్విండు."

నేను ఏమీ రాసుకోలేదు. ఫైలులో ఉన్నది ఒకే వాక్యం. మామ చెప్పినదాంట్లో ఆ వాక్యానికి విరుద్ధమైనది ఏదీ లేదు.

"ఇంక లోపలికి పోవాలె" అన్నారు మామ. "అందరు పోయే తలుపు అది, వానికి తల తాకుతది." పడుకునే కుడిచెయ్యి ఎత్తి, అరచేయి అడ్డంగా పెట్టి, తలుపు ఎంత ఎత్తుంటుందో చూపించారు.

"ఇంక కిందికుంటది" అంది అత్తమ్మ.

ఆయన చెయ్యి జానెడు దించారు. ఆ పొడుగు మనిషి వంగి, దాని కింద నుంచి పూర్తిగా దాటిపోయేదాకా అట్లాగే పట్టుకున్నారు.