రమణన్న రిజర్వాయర్ గేటు

మా రమణన్న ఇక లేడు.

టైప్ చేస్తుంటే నాకే అబద్ధం రాస్తున్నట్టుంది.

నిన్న పొద్దున్నే సుజాత వదిన ఫోన్. "పద్మా, మీ అన్నని ఎంత లేపినా లేవట్లేదే. నువ్వు రా." పెట్టేసింది.

ఇంగ్లండ్‌లో మేముండే బ్రాక్‌నెల్ నుంచి వాళ్ళ పొలానికి గంట డ్రైవ్. దారంతా ఆయన్ని తిట్టుకుంటూనే వెళ్ళా. బీపీ టాబ్లెట్లు మళ్ళీ మానేసుంటాడు, లేవనీ చెప్తా ఈ మనిషి సంగతి, అని.

నేను వెళ్ళేసరికి అంబులెన్స్ వాళ్ళు బ్యాగులు సర్దుకుంటున్నారు. హార్ట్ ఎటాక్. నిద్రలోనే అట.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. ఆయనది అనంతపురం, మాది గుంటూరు. ఆఫీసులో పక్కపక్క డెస్కులు, అదే మా చుట్టరికం. ఐటీ జాబ్ మానేసి, ఫ్లాట్ అమ్మేసి, ఇక్కడే పొలం కొని గోంగూర వేశాడు. మనలో సగం మంది ఇళ్ళల్లో గోంగూర పచ్చడి ఆయన పుణ్యమే.

అక్కడి రైతులంతా కలిసి నడుపుకునే నీళ్ళ కంపెనీ ఒకటుంది. అందరికీ షేర్లున్నాయి. చలికాలంలో నది నిండుగా ఉన్నప్పుడు మాత్రమే రిజర్వాయర్‌లోకి నీళ్ళు పట్టుకోవాలి. సమ్మర్‌లో ఆ నీళ్ళే గతి.

నది నుంచి నీళ్ళొచ్చే ఇన్‌లెట్ పూడిపోయింది. గేటు తుప్పు పట్టి కదలదు. పోయిన సమ్మర్ రిజర్వాయర్ అడుగంటింది, పంట కళ్ళముందే మాడిపోయింది. ఇంకో ఏడాది ఇలాగే అయితే పొలం అమ్ముకోవడమే అని వదిన నా దగ్గర ఏడ్చింది.

రిపేర్‌కి బ్యాంకు లోన్ ఇస్తానంది. కానీ షేర్లున్న ప్రతి ఒక్కరూ సంతకం పెట్టాలి. ఒక్కరు కాదన్నా లోన్ లేదు.

ఆ ఒక్కరూ కాదన్నారు.

జెఫ్ అని, పక్క పొలం పెద్దాయన. విలేజ్ హాల్ మీటింగ్‌కి వదినకి తోడుగా నేనూ వెళ్ళా. ఆయన టేబుల్ మీద గట్టిగా కొట్టి, "మీ కొత్త కొత్త పంటల కోసం నేనెందుకు అప్పు మొయ్యాలి?" అని అరిచాడు. వెనక నుంచి ఇంకెవరో ఆయన మీద అరిచారు. కుర్చీలు జరిగాయి. బ్యాంకు గడువు చూస్తే ఆ శుక్రవారమే.

నాకు ఒళ్ళు మండిపోయింది. లేవబోతుంటే వదిన నా చెయ్యి వదల్లేదు.

రమణన్న ఏం చేశాడో తెలుసా? రెండు కప్పుల టీ తెచ్చుకుని, వెళ్ళి జెఫ్ పక్కన కూర్చున్నాడు. అంతే!

కారెక్కగానే మొదలుపెట్టా. "నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా అన్నా? లాయర్ దగ్గరికి పోదాం పద."

"ఊరికే ఉండమ్మా. చెరువు కాలవకి చందా అడిగితే మా నాయన గూడా ఇట్లనే ఎగిరేటోడు. ఇంట్లో పైసా లేదు. ఆ మాట నలుగుర్లో ఎట్ల చెప్తాడు? అందుకే వద్దని అరిచేటోడు."

వాళ్ళ ఊళ్ళో చందా ఇవ్వలేనివాళ్ళు పార పట్టుకుని పూడిక తీయడానికి వచ్చేవాళ్ళట. దాన్నే వాళ్ళ వంతు కింద లెక్కేసేవాళ్ళట.

మర్నాడు పొద్దున్నే జెఫ్ ఇంటికెళ్ళాడు. డబ్బు ఊసెత్తలేదు. "నీ మట్టి తవ్వే డిగ్గర్ కావాలి, పూడిక నువ్వే తియ్యాలి, నీ వంతు అదే" అన్నాడు. జెఫ్ వంతు అప్పు తాము కట్టేలా మిగతావాళ్ళని అంతకుముందే ఒప్పించి వెళ్ళాడు మహానుభావుడు.

జెఫ్ తలుపేసుకున్నాడు.

గురువారం ఫోన్ లేదు. శుక్రవారం మధ్యాహ్నమైనా లేదు. వదిన అన్నం వండి, ఎవరికీ వడ్డించకుండా అలాగే కూర్చుంది. బ్యాంకు మూసే టైమ్ దగ్గరపడుతుంటే బురద బూట్లతో జెఫ్ వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి పెన్ను అడిగాడు.

ఆ తర్వాత ఇద్దరూ అన్నదమ్ముల్లా ఆ బురదలోనే పడున్నారు. కొత్త గేటు బిగించారు. తెరవాల్సింది నిన్న, పొద్దున పదింటికి.

నిన్న!

లోపల గదిలో ఆయన. కిచెన్‌లో మేము. పదింటికి రమణన్న ఫోన్ మోగింది. స్క్రీన్ మీద జెఫ్. అందరికంటే ముందు రావాల్సిన మనిషి రాలేదని చేస్తున్నాడు. ఎవరమూ ఎత్తలేదు. ఆగి, మళ్ళీ మోగింది.

వదినే ఎత్తి స్పీకర్ పెట్టింది. ఒక్క ముక్కలో చెప్పింది.

"ఇవాళ ఆపేద్దాం సుజాతా" అన్నాడు జెఫ్.

"వద్దు. నది ఇవాళ నిండుగా ఉంది, రేపు ఉంటుందో లేదో. తెరవండి. ఆపితే ఆయన ఊరుకోడు."

జెఫ్ ఫోన్ కట్ చెయ్యలేదు. స్పీకర్లో ఇనుము కిర్రుమంది. తర్వాత ఏమీ వినిపించలేదు. ఇంకోసారి కిర్రుమంది.

అప్పుడు వచ్చాయి నీళ్ళు. ఆ హోరుకి జెఫ్ ఏం చెప్తున్నాడో కూడా వినపడలేదు.

వదిన లేచి, ఆ ఫోన్ లోపలికి తీసుకెళ్ళి రమణన్న చెవి పక్కన పెట్టింది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అక్కడ ఏడ్చింది.

నీళ్ళొచ్చాయి అన్నా.

ఇంక నిన్నెవరమూ లేపం. హాయిగా పడుకో. 🙏