వెండి డిస్కు

ఎనభైలలో, నేను డిగ్రీ చదివే రోజుల్లో, వరంగల్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో మా పక్కన కూర్చున్న ఒకాయన సంచిలోంచి అన్నం కంచమంత వెండి డిస్కు తీశాడు. దుబాయ్‌లో కొన్నాడట. అందులో సినిమా ఉందంటే నేను నమ్మలేదు. అద్దంలా మెరుస్తోంది, గ్రామఫోన్ రికార్డు మీద ఉన్నట్టు గాడి కూడా కనబడలేదు.

"పట్టుకో తమ్మీ," అని నాకు అందించాడు.

నేను చేతులు వెనక్కి లాక్కున్నాను. మాది నూలుకు రంగులద్దే ఇల్లు. ఆ ఉదయమే తొట్టిలో నూలు ముంచి వచ్చాను. మణికట్టు దాకా నీలమే.

"మరకలైతయ్ అన్నా."

"ఏం కాదు. బొమ్మ పైన లేదు, ప్లాస్టిక్ లోపట సన్నసన్న గుంతల్ల ఉన్నది. సూది అక్కెర లేదు, మిషన్ వెలుగుతోనే చదువుకుంటది." తన బొటనవేలు దాని మీద ఒత్తి, ఆ ముద్రను చొక్కా అంచుతో తుడిచి చూపించాడు. "చేతులకేమైంది?"

"కాలేజీల ఇంకు ఒలికింది," అన్నాను.

డిస్కు తీసుకుంటే అందులో నా ముఖం కనబడింది. ఎక్కువసేపు చూడలేక తిరిగి ఇచ్చేశాను.

నాకు అటుపక్క బాపు కూర్చుని ఉన్నాడు. ఆయన నా తండ్రి అని ఆ మనిషికి నేను చెప్పలేదు. ఆ మనిషి డిస్కు పట్టుకున్న చేతిని బాపు వైపు చాచాడు.

"పెద్దయ్యా, నువ్వు గూడ చూడు."

బాపు తన నీలం చేతులు రెండూ తువ్వాల కిందికి పోనిచ్చాడు.

"నాకెందుకు బిడ్డా. ఆ పిలగాన్నే చూడనియ్యి."

ఆ మనిషి ఎక్కాల్సిన రైలు ముందు వచ్చింది. అది కదిలిపోయేదాకా బాపు చేతులు బయటికి తీయలేదు.