ఒక్క చోటి నుంచి అడిగితే చాలదు

రాజమండ్రి నుంచి నరసాపురం వెళ్తున్న బస్సులో నా పక్క సీట్లో ఒక అమ్మాయి కూర్చుంది. ఎక్కడో ఉన్న ఆసుపత్రి సర్వర్లను ఫోనులోంచే కనిపెట్టుకుని ఉండటం ఆమె ఉద్యోగం. నిమిషానికోసారి "ఉన్నావా" అని అడిగితే సర్వరు జవాబివ్వాలట.

సిద్ధాంతం వంతెన మీద ఆ ఫోను మోగింది. తెర మీద ఎర్ర గుర్తు వచ్చింది.

"సర్వరు ఆగిపోయిందని ఆసుపత్రికి చెప్పవేంటమ్మా? అక్కడ రోగులుంటారు!" అన్నాను.

"చెన్నైలో ఉన్న మా కంప్యూటరు అడిగితే పలకలేదండి మామ్మగారూ, అంతే. ఇంకో రెండు ఊళ్ళ నుంచి కూడా అడిగాకే ఆగిందంటాం. మధ్యలో దారి తెగినా ఇలాగే ఉంటుందండి."

మిగతా రెండు చోట్లకూ సర్వరు పలికింది.

అమ్మ తద్దినం తిథి తప్పు చెప్పిందని మొగల్తూరులో ఉన్న మా చెల్లెల్ని నేను మందలించాను. ఆ మర్నాటి నుంచి పదకొండు రోజులుగా ఎప్పుడు చేసినా నా ఫోను కట్టయిపోతోంది. ఇక చేయకూడదనుకున్నాను. ఆ సంగతే పక్క సీటు అమ్మాయితో అన్నాను.

"ఎన్ని ఫోన్ల నుంచి చేశారండి?"

"నా ఫోను నుంచే."

ఆమె తన ఇంకో ఫోను తీసి నా చేతికిచ్చింది. రెండో రింగుకే చెల్లెలు ఎత్తి, నా గొంతు గుర్తుపట్టింది.

"పదకొండు రోజులు అలుగుతావేంటక్కా? ఒక్క ఫోనైనా చెయ్యలేదు!" అంది.